ప్రమీల గారి బడి గుమ్మం

కాలి కింద ఉప్పు నలిగే చప్పుడు వింటే నాకు ప్రమీల గారు గుర్తొస్తారు. అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో జనవరి వచ్చిందంటే పొద్దున్నే స్కూలు మెట్ల మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. ఎవరూ జారిపడకుండా దాని మీద రాళ్ల ఉప్పు చల్లుతారు. ఆ పనికి మా స్కూల్లో వేరే మనిషి ఉన్నాడు. అయినా ప్రిన్సిపాల్ ప్రమీల గారు పొడుగు కోటు వేసుకుని, బకెట్ పట్టుకుని తనే చల్లేవారు. మొదటి బస్సు వచ్చేసరికి తను గుమ్మంలో ఉండాలన్నది ఆవిడ పంతం. ఇవాళ కారు దిగి నాలుగడుగులు వేశానో లేదో, కాలి కింద ఆ కరకర వినిపించింది. తలెత్తి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. పోయిన అక్టోబరులో ఆవిడ కన్నుమూశారు. ఏడుపు ఆగలేదు. పక్కన నడుస్తున్న టీచరుతో చలికి కళ్లు నీళ్లు కారుతున్నాయని చెప్పాను.

ఆవిడది వరంగల్. భర్త కార్ల కంపెనీ ఉద్యోగం వెంట వచ్చి, ఇక్కడే చదివి, టీచరై, ప్రిన్సిపాలయ్యారు. ఇన్నేళ్ల అమెరికా ఆవిడ ఇంగ్లీషును మార్చింది కానీ తెలుగు జోలికి పోలేదు. నేను ఆవిడను మొదట చూసింది మా అబ్బాయిని స్కూల్లో చేర్చడానికి వెళ్లినప్పుడు. ఈ దేశంలో మనవాళ్లకు ఒక అలవాటుంది. ఎక్కడికి వెళ్లినా చంకలో ఫైలు ఉండాల్సిందే. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, ఆఫీసు ఇచ్చిన లెటర్లు అన్నీ ప్లాస్టిక్ కవర్లలో వరసగా పెట్టుకుని, ఎవరూ అడక్కముందే చూపించేస్తాం. నేనూ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకి కూర్చున్నట్టు కూర్చుని ఫైలు విప్పబోయాను. ఆవిడ దాని మీద అరచెయ్యి పెట్టి మూసేశారు.

"ఇవి నేనడిగిన్నా?"

"లేదండీ, అన్నీ కరెక్ట్‌గానే ఉన్నాయని చూపిద్దామని..."

"ఇంటి అడ్రస్ ప్రూఫ్ ఇయ్యి, టీకాల కాగితం ఇయ్యి, పుట్టిన తేదీది ఇయ్యి. మిగిలినయి లోపల పెట్టుకో. రేపు ఎవరన్నా వచ్చి ఈ పిల్లగాని వీసా ఏందని అడిగితే నాకు తెల్వదని చెప్పాలె. అబద్ధమాడుడు నాకు రాదు. అందుకే తెలుసుకోను."

నాకు ఒళ్లు మండింది. ఎన్నేళ్లు ఎదురుచూసి సంపాదించుకున్న కాగితాలు అవి. కనీసం ఒకసారి చూసి 'బాగున్నాయి' అనొచ్చు కదా అనిపించింది. ఇంటికి వచ్చి మా ఆయనతో "ఆవిడకి పొగరు" అన్నాను. తర్వాత నాకు వర్క్ పర్మిట్ వచ్చి, అదే స్కూల్లో ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగంలో చేరాక కూడా ఆ మాట మార్చుకోలేదు. పొగరే. కాకపోతే అది పిల్లల తరఫున చూపించే పొగరని అప్పటికి తెలిసింది.

వీసా లేనివాళ్లను పట్టుకెళ్లే ఇమిగ్రేషన్ వాళ్లు బడుల దగ్గరికి రారన్న పాత ధీమా పోయిందని వార్తల్లో విన్న వారమే ఆవిడ రిహార్సల్స్ మొదలుపెట్టారు. శుక్రవారం పిల్లలంతా వెళ్లిపోయాక ఆటల మాస్టారు బ్రయన్‌కి నల్ల జాకెట్ తొడిగి, ఆఫీసర్‌లా గుమ్మం దగ్గరికి పంపేవారు. మా స్కూలుకి రెండు తలుపులు. బయటి తలుపు దాటితే చిన్న గది, దాని తర్వాత లోపలి తలుపు. ఆ గదికీ నా బల్లకీ మధ్య అద్దం, దాని కింద కాగితాలు తోసే సందు. తలుపులు రెండూ నా బల్ల మీది బటన్లతోనే తెరుచుకుంటాయి. మొదటి రిహార్సల్‌లో బ్రయన్‌ని చూడగానే నేను లేచి నిలబడి, రెండు బటన్లూ నొక్కి, "గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్" అని కుర్చీ లాగి, కాఫీ కావాలా అని అడిగాను. అతను కాఫీ తాగుతానని చెప్పి, మాటల్లోనే ఒక పాప ఏ క్లాసో అడిగేశాడు. నేను చెప్పేశాను కూడా. అందరూ పగలబడి నవ్వారు. ప్రమీల గారు నవ్వలేదు.

"యూనిఫామ్ చూస్తే లేచి నిలబడుడు మనకు చిన్నప్పుడే నేర్పిండ్రు. నిలబడు, తప్పేం లేదు. కాఫీ కూడా ఇయ్యి. కానీ బయటి గదిలనే. లోపలి తలుపు తెరవకు, పిల్ల పేరు నోట్లకెళ్లి రానియ్యకు."

'దయచేసి ఇక్కడే ఆగండి, ప్రిన్సిపాల్ వస్తున్నారు, నేనేమీ చెప్పలేను' అన్న మాటలు నిద్రలో లేపి అడిగినా వచ్చేదాకా నాతో చెప్పించారు. వచ్చినవాళ్లు కాగితం చూపిస్తే కింద ఎవరు సంతకం పెట్టారో చూడాలి. వాళ్ల శాఖ ఆఫీసరే పెట్టుకున్న సంతకమైతే దాంతో లోపలికి రావడం కుదరదు. కోర్టు జడ్జి సంతకం ఉంటే అప్పుడు లాయర్ చూసి చెబుతాడు. ఇది టీచర్లకే కాదు, వంట చేసేవాళ్లకూ బస్సు నడిపేవాళ్లకూ కూడా నేర్పించారు.

ఆ తర్వాత ప్రతి ఇంటికీ నాతో ఫోన్లు చేయించారు. తల్లిదండ్రులు రాలేని పరిస్థితి వస్తే పిల్లల్ని ఎవరికి అప్పగించాలి అన్నచోట మనవాళ్లు రాసిచ్చిన పేర్లు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరు నెల్లూరులో ఉన్న అమ్మమ్మ పేరు రాశారు. ఇంకొకరు కరీంనగర్‌లో బాబాయి. అయినవాళ్లంటే వాళ్లే కదా మరి.

"నెల్లూర్లకెళ్లి అమ్మమ్మ సాయంత్రానికి వచ్చి తీస్కపోతదా?" అన్నారు ప్రమీల గారు. "పక్కింట్ల ఎవరున్నరో అడుగు. ఇన్నాళ్లు వాళ్లతో మాట్లాడకున్నా సరే, ఇప్పుడు మాట్లాడుమను."

ఇదంతా మా తెలుగువాళ్లలో చాలామందికి నచ్చలేదు. ఒక ఆదివారం ఎవరింట్లోనో భోజనాల దగ్గర పూర్ణచంద్రరావు గారు ఆవిడను పట్టుకున్నారు. ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి.

"మనవాళ్లంతా లీగలే కదమ్మా. ఎవరికోసం ఈ హడావుడి? అనవసరంగా జనాన్ని భయపెడుతున్నారు."

ప్రమీల గారు ప్లేటు పక్కన పెట్టారు. "రావుగారూ, నా బడిల మనోళ్లు, పరాయోళ్లు అని రెండు లైన్లు లేవు. లోపల కూసున్నోళ్లంతా నా పిల్లలే. ఇంకోటి. ఇయ్యాల లీగల్ ఉన్నోడు రేపు జాబ్ పోయి, దాంతోటే వీసా పోతే ఏమైతడో మీకు నేను చెప్పాల్నా?"

ఇంటావిడ పులిహోర ఇంకొంచెం వడ్డించమంటారా అని అందర్నీ అడగడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరిలో ఇమిగ్రేషన్ వాళ్లు వచ్చారు. ఇద్దరు మనుషులు, జాకెట్ల మీద అక్షరాలు. నేను లేచి నిలబడి బయటి బటన్ ఒక్కటే నొక్కాను. రెండో తరగతి చదివే సంహిత స్కూలుకు వచ్చిందా, వాళ్లమ్మ ఎన్నింటికి వస్తుంది అని అద్దం అవతలి నుంచి అడిగారు. సంహిత వాళ్లమ్మ లావణ్య పిల్లను ఒక్కతే పెంచుకుంటోంది. ఎంఎస్ చదవడానికి వచ్చి, ఉద్యోగంలో చేరి, అది పోయాక వీసా చిక్కుల్లో పడిందని మాకు తర్వాతే తెలిసింది. నేను నేర్చుకున్న మాటలు చెప్పాను. అప్పుడు ఇద్దరిలో చిన్నవాడు నన్ను ఎగాదిగా చూసి, "మీది ఏ దేశం? ఇక్కడ పని చేయడానికి మీకు పర్మిట్ ఉందా?" అన్నాడు.

మా అబ్బాయి, మా ఆయన, మా ఇల్లు అన్నీ ఒక్కసారి కళ్లముందు కదిలాయి. పర్మిట్ కార్డు చూపించి బయటపడదామని చెయ్యి దానంతటదే బ్యాగులోకి వెళ్లింది.

"చెయ్యి తియ్యి" అని వెనక నుంచి తెలుగులో నెమ్మదిగా వినిపించింది. ప్రమీల గారు నా పక్కకు వచ్చి నిలబడి, వాళ్లతో ఇంగ్లీషులో అన్నారు: "ఈమె మా ఉద్యోగి. ఈమె గురించి ఏం కావాలన్నా నన్నడగండి. పిల్లల గురించైతే జడ్జి సంతకం చూపించండి."

వాళ్లు అద్దం కింద నుంచి కాగితం లోపలికి తోశారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తీరిగ్గా చదివారు.

"ఇందులో జడ్జి లేడు."

"మేడమ్, మీరు మాకు పని కష్టం చేస్తున్నారు."

"అవును" అన్నారు ఆవిడ.

వాళ్ల పేర్లు రాసుకుని, వాళ్ల ఎదుటే లాయర్‌కి ఫోన్ చేశారు. వాళ్లు బయటికి వెళ్లి పార్కింగ్‌లో కారులో కూర్చున్నారు. ఆవిడ లావణ్యకు ఫోన్ కలిపారు. "బిడ్డా, నీ పాప గురించి ఇద్దరొచ్చి అడిగిండ్రు. తల్లికి చెప్పుడు నా డ్యూటీ, చెప్తున్న. పాప క్లాసుల బొమ్మలేసుకుంటున్నది. నీ లాయర్‌కి ఫోన్ చెయ్యి. నువ్వు రాకుంటే నువ్వు పేరిచ్చిన మనిషికే ఇస్త, ఇంకెవరికీ ఇయ్య."

ఆ మనిషి సాయంత్రం మంకీ క్యాప్‌తో, చలికి వణుకుతూ వచ్చాడు. పూర్ణచంద్రరావు గారు. లావణ్య ఆయన ఇంటి కింది బేస్‌మెంట్‌లోనే అద్దెకుంటోంది. గుర్తింపు కోసం డ్రైవింగ్ లైసెన్స్ అడిగితే, దాంతోపాటు సంచిలోంచి తన సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కూడా తీయబోయారు.

"అది లోపల పెట్టుకోండి రావుగారూ" అన్నారు ప్రమీల గారు. ఆయన తలొంచుకుని లోపల పెట్టుకున్నారు.

ఆవిడ సంహిత చెయ్యి పట్టుకుని పార్కింగ్‌లో ఇంకా ఉన్న ఆఫీసర్ల కారు ముందు నుంచే నడిచి వెళ్లారు. పిల్లకు సీటుబెల్టు పెట్టి, రావుగారి కారు రోడ్డెక్కేదాకా కోటు కూడా లేకుండా మంచులో నిలబడ్డారు.

కొన్నాళ్లకు లావణ్యను ఇంటి దగ్గర పట్టుకెళ్లారు. దాన్ని ప్రమీల గారూ ఆపలేకపోయారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు. చాలా రోజుల తర్వాత లాయర్ ఆమెను బయటికి తీసుకురాగలిగాడు. కేసు ఇంకా నడుస్తోంది. అన్ని రోజులూ సంహిత రావుగారింట్లో ఉండి స్కూలుకొచ్చింది. రోజూ ప్రమీల గారు గుమ్మంలో ఆపి, హోంవర్క్ చేశావా అని గట్టిగా అడిగేవారు. అందరు పిల్లల్నీ అలాగే అడిగేవారు.

ఆవిడ పోయాక నేను ధైర్యవంతురాలినైపోయానని చెప్పను. యూనిఫామ్ కనిపిస్తే ఇప్పటికీ భయంతో లేచి నిలబడతాను. కానీ ఆ భయంతోనే నోరు కట్టేసుకోవచ్చని ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, అది పోలేదు. ఇవాళ మధ్యాహ్నం కాపీ మెషిన్ బాగుచేయడానికి ఒకతను వచ్చాడు. మంచివాడే, నవ్వుతూ మాట్లాడుతున్నాడు. మూడో తరగతి పిల్లలు లైబ్రరీకి వరసగా వెళుతుంటే సంహిత ఆఫీసు కిటికీ అద్దంలోంచి నాకు చెయ్యూపింది. రెండు జడలు, ముందు పళ్లు కొత్తగా వస్తున్నాయి.

"ముద్దుగా ఉందే పాప. ఎవరమ్మాయి?" అన్నాడతను.

"మా స్కూలు పాప" అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు నావైపు చూశాడు. కాఫీ కావాలా అని అడిగాను.