ముద్ద తిన్న ఇంటి మీద పాట

ఏళ్లుగా లోపల మోస్తున్నదాని బరువెంతో నేనింతవరకు లెక్క కట్టలేకపోయాను. లెక్క కట్టలేకపోవడం నాకు అలవాటు లేని పని. అల్లపల్లి కలప డిపోలో పనిచేసిన రోజుల్లో టేకు దుంగను ఒకసారి చుట్టి చూసి ఎన్ని ఘనపుటడుగులో చెప్పేవాణ్ణి. ఎవరూ నేర్పలేదు. తరువాత గోదావరి ఒడ్డున, మరాఠీ గడ్డ మీది సిరొంచలో స్థిరపడ్డాక వడ్డీలకు, వాటాలకు, పొలం కొలతలకు జనం నా గుమ్మంలోకే వచ్చేవారు. నా నోట వచ్చిన అంకెను మళ్లీ ఎవరూ సరిచూసుకునేవారు కాదు. ఆ సంగతి మీకు ముందే చెప్పాలి. లేకపోతే రాజక్క నన్నెందుకు నమ్మిందో మీకు అర్థం కాదు.

రాజక్క నా స్నేహితుడు పోచన్న భార్య. పోచన్న బియ్యం మిల్లు పెడదామని రోడ్డు మీది ఇల్లు బ్యాంకుకు తాకట్టు పెట్టాడు. మిల్లు నడవలేదు. మనిషీ పోయాడు. బ్యాంకువాళ్లు ఇల్లు వేలం వేశారు.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. ముద్ద తిన్న ఇంటి మీద పాట పాడరు. పెళ్లికో, దినానికో, ఊరికే పలకరింపుకో ఆ ఇంట్లో చేయి కడిగినవాడు వేలంలో నోరు తెరవకూడదు. ఊరన్నాక అందరూ అందరిళ్లలో తినే ఉంటారు. అందుకే ఆ రోజు బ్యాంకు ముందు ఊరంతా నిలబడింది, ఒక్కరూ పలకలేదు. అధికారి మరాఠీలో ధర చదువుతూ చదువుతూ అలసిపోయాడు. నేనూ నేల చూస్తూ నిలబడ్డాను. కానీ నా నాలుక మీద ఒక అంకె ఉంది. ఆ ఇంటి అసలు విలువెంతో, బ్యాంకు అడుగుతున్నది ఎంత తక్కువో నాకు తెలుసు. ఆ అంకెను మింగి ఇంటికొచ్చాను. నాకు ఇల్లు లేదా? ఉంది. అవసరముందా? లేదు. మరి ఆ రాత్రి అన్నం ఎందుకు సహించలేదు?

కొన్నాళ్లకు మళ్లీ వేలమని, ఈసారి కంప్యూటర్‌లో అని నోటీసు వచ్చింది. ఇంటర్‌నెట్ అన్న మాటే మాకు కొత్త. రాజక్క నా దగ్గరికి వచ్చింది.

"అన్నా, గా కంప్యూటర్ల ఎవలు పాడినా ముఖం కనవడదట గదా. నాకు భయమైతంది."

"మనోళ్లు ఎవలు పాడరు చెల్లె. నీ ఇంట్ల తిననోడు ఎవడున్నడు?"

"అందరికన్న ఎక్కువ తిన్నది నువ్వే. గందుకే నీ మెడకు చుడుతున్న," అని నవ్వింది. "నా తరఫున నువ్వే పాడు. నా దగ్గర ఇంతే ఉన్నది. ఇంతకు మించితే ఇడిసిపెట్టు."

నగలమ్మి కూడబెట్టిన మొత్తం ఎంతో చెప్పింది. ఆమె ఆఖరి అంకె నాకొక్కడికే తెలుసు.

వేలం రోజు జిల్లా కేంద్రం గడ్చిరోలి వెళ్లాను. అంతకు ముందే మంచిర్యాలలో ఉండే మా బావమరిది పేరుతో కూడా, పాడేవాళ్లు ముందుగా కట్టాల్సిన ధరావతు కట్టి ఉంచాను. ఎందుకు కట్టావని అప్పుడెవరైనా అడిగితే, ఊరికే, జాగ్రత్తకు అనేవాణ్ణేమో. రెండు పాస్‌వర్డులూ నా జేబులోనే ఉన్నాయి.

ఇంటర్‌నెట్ దుకాణంలో చెక్క అరలో కూర్చున్నాను. రాజక్క పాట వేశాను. కాసేపు చూశాను. ఎవరూ రాలేదు. కంప్యూటర్‌లోనూ మావాళ్లు కట్టుబాటు తప్పలేదు. నేను చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, ఇల్లు ఆమెదే. మొదటి ధరకే.

తెర మీద ఆమె పేరులోంచి బయటికొచ్చి రెండో పేరుతో లోపలికెళ్లాను. పెంచాను.

మళ్లీ ఆమె పేరుతో పెంచాను. ఆమె ఆఖరి అంకె దాకా పాడినట్టు కాగితం చూపించాలి కదా. ఒక చేత్తో ఆమెగా, ఒక చేత్తో ఇంకొకడిగా ఆడాను. లెక్క ప్రకారం నాకే నష్టం. అయినా ఆగలేదు. ఒక విషయం మాత్రం చెప్పాలి. ధర పెరిగిన ప్రతిసారీ ఆ తెర అవతల ఎవరో ఒకడు నిజంగా కూర్చున్నాడనిపించింది. నేను నొక్కకముందే వాడు పెంచుతున్నాడనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. దుకాణంలో నేను తప్ప ఎవరూ లేరు.

తిరిగొచ్చి ఎవరో నాగపూర్ సేటు కొన్నాడని చెప్పాను. ఆమె ఏడవలేదు.

"ఎట్లుంటడు ఆయన?" అంది.

"కనవడడు చెల్లె, పేరే కనవడ్తది."

"అయినా నీకెట్ల అనిపించిండు?"

ఏదో ఒకటి చెప్పకపోతే వదిలేలా లేదు. "సన్నగ ఉంటడు కావచ్చు. కండ్లద్దాలు," అన్నాను. అంతే. ఇంకేమీ చెప్పలేదు.

కాపలాగా ఉండడానికి సేటు ఒప్పుకున్నాడని చెప్పి ఆమెను ఆ ఇంట్లోనే ఉండనిచ్చాను. జాలిపడ్డాననుకుంటున్నారా? మనిషి లేని ఇల్లు పాడైపోతుందని. నిజం రాస్తున్నాను కాబట్టి అదీ రాయాలి.

ఆమె ముందుగది వాడటం మానేసింది. అది సేటుదట. వంటింట్లోనే పడుకునేది. ఎండాకాలంలో ఒకరోజు నన్ను పిలిచి మెల్లగా చెప్పింది.

"మొన్న పగటీలి ఎండల ఆయన వచ్చిండే."

"ఎవలు?"

"సేటు. సన్నగనే ఉన్నడు, నువ్వన్నట్టే. నల్ల గొడుగు మూసి తలుపు పక్కకు పెట్టిండు. మంచం మీద కూసున్నడు. నీళ్లిస్తె తాగలే. నా దిక్కే చూసుకుంట కూసున్నడు."

ఆ ఇంటి ముందు నుంచి మధ్యాహ్నాలు నేను అప్పుడప్పుడు నడిచేవాణ్ణి, కొన్న వస్తువును దూరం నుంచి చూసుకున్నట్టు. నన్నే చూసి పోల్చుకోలేకపోయిందా? కానీ నేనా గడప దాటలేదు. నాకు గొడుగూ లేదు. లోపలికెళ్లి చూశాను. బయట రాళ్లు పగిలే ఎండ. తలుపు పక్కన అలికిన మట్టి నేల మీద, గొడుగు మొన ఆనినంత మేర, గుండ్రంగా తడి. వేలితో తాకాను. చల్లగా ఉంది.

తరువాత ఎదురింటివాళ్లూ చూశామన్నారు. ఒకరు పలకరించారట కూడా. చివరికి రాజక్క తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇద్దరం ఒక్క ఇంట్ల ఉండలేం అన్నా," అని పడవెక్కి గోదావరి అవతల కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తాళం నేను ఇంతవరకు తీయలేదు. తీయాలని వెళతాను. లోపల మంచం కిర్రుమంటుంది. వచ్చేస్తాను.

పోయిన నెల నేనే పడవ దాటి ఆమె దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పాను. రెండు పాస్‌వర్డులు, బావమరిది పేరు, గడ్చిరోలి దుకాణం, ఏదీ దాచలేదు. ఇల్లు నీ పేర రాసిస్తానన్నాను. ఆమె తిడుతుందనుకున్నాను. చెప్పుతో కొడుతుందని కూడా అనుకున్నాను, కొట్టాలనే కోరుకున్నాను. ఆమె నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పోచన్న మీది పానంతోని తప్పంత నువ్వు గిట్ల నెత్తినేసుకుంటున్నవు. సేటు లేనోడైతే నేను చూసిందెవల్ని?"

"సేటు లేడు చెల్లె. నేనే."

"ఊకో అన్నా. ఆయన్ని అడగకుంట నువ్వెట్ల రాసిస్తవు? ఆయన ఊకోడు." గొంతు తగ్గించింది. "నీకు తెల్వది. నువ్వాయన్ని చూడలే."

అన్నం పెట్టింది. తిన్నాను.

ఆమె నమ్మదు. నమ్మని మనిషి క్షమించనూలేదు, శపించనూలేదు. అందుకే ఇది మీకు రాస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు. ఆ ఇంట్లో మీరెప్పుడూ తినలేదు. మీరైనా నమ్మండి. ఆ వేలంలో పాడింది ఇద్దరు కాదు, ఒక్కడే. వాడు పోచన్న స్నేహితుడు. రాజక్క ఇల్లు తీసుకున్నది నేను.

రాశాను. ఏళ్ల తరువాత ఇప్పుడు ఊపిరి అందుతోంది.