దొర కారుకు కొత్త రంగు

మిర్యాలగూడ వైపు దొర ఒకాయన కారును మా ఆయన కొన్నాడని తెలిసిన రోజు నేను అన్నం తినలేదు. అలిగి కాదు, భయంతో. రాజ్యం మారి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ దొర గడీకి తాళం వేసి పట్నం పోయాడు. ఆయన మీద కోపం మాత్రం ఊళ్లలోనే ఉండిపోయింది. మనిషి దొరకనప్పుడు ఆయన తిరిగిన కారు దొరికితే ఊరుకుంటారా? లోపల కూర్చున్నది ఎవరని ఆగి అడుగుతారా? రాయి ముందు వస్తుంది, అడగడం తర్వాత. పెళ్లయి రెండేళ్లు కాని నాకు అంతకంటే పెద్ద భయం ఇంకేముంటుంది?

మా ఆయన కోదాడలో లారీల షెడ్డులో పని నేర్చుకున్న మనిషి. మేముండే సూర్యాపేటలో సొంతంగా కిరాయి కారు నడపాలని ఆయన కోరిక. దాన్ని ఎట్లా కొన్నాడో అదో పెద్ద కథ, ఇప్పుడు వద్దు. లారీ మీద ఎక్కించి, టార్పాలిన్ కప్పి, ఎవరి కంటా పడకుండా మా పెరట్లో దింపాడు. టార్పాలిన్ లాగేసరికి మా అత్తమ్మ చేట పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"గిది కారా, సగం కారా? తలుపులు రెండే ఉన్నయేందిరా?"

"రెండు తలుపులదే షాన్ అవ్వా. దొరలు గిసోంటిదే కొంటరు."

"మరి జనం ఏడ కూసుంటరు?"

మా ఆయన వెనక మూత పైకెత్తాడు. లోపల ఇద్దరు పట్టే సీటు ఉంది, పైన కప్పు లేదు. "పెండ్లికొడుకు, పెండ్లిబిడ్డ గీడ కూసుంటే ఊరంత సూస్తది," అన్నాడు.

"ఊరంత సూస్తదనే నాకు గుబులు," అన్నాను నేను. ఆయన వినిపించుకోలేదు.

పొడుగాటి ముక్కు, మీగడ రంగు ఒళ్లు, మెరిసే రేకులు. చుట్టుపక్కల అట్లాంటిది ఇంకొకటి లేదు. చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. అందుకే ముందు రంగు మార్చాలని నేను పట్టుబట్టాను. కోదాడ నుంచి రంగుల మేస్త్రీ వచ్చాడు. ఆయనది ఆంధ్రా వైపు మాట.

"ఏ రంగు వెయ్యమంటావు అమ్మాయ్?" అని నన్నే అడిగాడు.

"పచ్చది బాగుంటదేమో."

"మిలిటరీ బండి అనుకుంటారు."

"అయితే నల్లది."

"ఎవరో అధికారి వస్తున్నాడనుకుంటారు. ఎర్ర రంగు సంగతి నేను చెప్పక్కర్లేదుగా, నీకే తెలుసు." ఆ మాట అని వీధివైపు ఓసారి చూసుకున్నాడు. "నీలం వేద్దాం. ఈ రోజుల్లో ఎవరిదీ కానిది అదొక్కటే."

ఆ వానాకాలమంతా కారుతోనే గడిచింది. ఇంజన్‌లో ఎలుకలు గూడు పెట్టాయి. మా ఆయన ఒక్కో భాగం విప్పి, కిరసనాయిల్లో కడిగి, గోనెపట్టా మీద వరుసగా పేర్చేవాడు. నేను దాటుకుంటూ నడిస్తే ఊపిరి బిగపట్టి నా కాళ్ల వంకే చూసేవాడు. పాత రంగు గీకే పని నాది. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది వేళ్ల చివర్లు ఎంత మండేవంటే అన్నం కలపడానికి కూడా వచ్చేది కాదు. అయినా మీగడ రంగు ఎక్కడన్నా చిటికెడు కనిపిస్తే మళ్లీ రుద్దేదాన్ని.

సీట్ల తోలు చిరిగిపోయింది. నాకు కుట్టుపని వచ్చు కాబట్టి పాత తోలు కోసి, బూరుగు దూది నింపి, మందం గుడ్డతో కొత్త గలీబులు కుట్టాను. సీటు సందులోంచి గాజు ముక్కలు దొరికాయి. ఆకుపచ్చ గాజులు, మూడు ముక్కలు. అత్తమ్మకు చూపించాను. ఆమె చూసి, "ఏ ఇంటి ఆడపిల్లవో," అని లోపలికి పోయింది. నేను వాటిని పెంటకుప్పలో పారేసి వచ్చి చేతులు కడుక్కున్నాను. ఆ రోజు ఇంక కుట్టలేకపోయాను.

బండి తయారైందని మా ఆయన హారన్ నొక్కి చూసిన రోజు ఇంకోటి జరిగింది. ఆత్మకూరు నుంచి చల్ల అమ్మే ఆమె మా వాకిట్లోకి అప్పుడే వస్తోంది. పెరట్లోంచి "భోం" అని వినబడగానే ఆమె గంప దించి, చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, గోడకు ఆనుకుని తల వంచి నిలబడింది. దొర కారు పోతుంటే అందరూ అట్లాగే నిలబడేవాళ్లు కదా. ఆమె కళ్లు వెతుకుతున్నాయి, ఎటు నుంచి వస్తుందా అని.

"దొర లేడు అక్కా, గిది మా కారు," అన్నాను.

"ఆయన హారన్ గాదా బిడ్డా?" అంది. చెప్పులు మాత్రం వెంటనే తొడుక్కోలేదు.

ఆ హారన్ మర్నాడే పీకేయించాను. లారీ హారన్ ఒకటి తెచ్చి బిగించాడు. రంగు మారింది, సీట్లు మారాయి, గొంతు కూడా మారింది. ఇంక ఎవరూ గుర్తుపట్టరని మా ఆయన ధైర్యం. నాకు మాత్రం ఇంకేదో మరిచామనే అనిపించేది. ఏమిటో తోచేది కాదు.

కార్తీకం పోయాక మొదటి కిరాయి వచ్చింది. మిర్యాలగూడలో ఒక వడ్ల వ్యాపారి కూతుర్ని అత్తవారింటికి పంపాలి. దొర ఊళ్ల మీదుగానే దారి. నేనూ వస్తానన్నాను.

"నువ్వెందుకే?"

"ఆడమనిషి ముందట కూసుంటే రాయి వెయ్యరు."

ఆయన నవ్వాడు గానీ వద్దనలేదు. ఆయనకూ లోపల భయం ఉందన్నమాట.

గరిడేపల్లి దాటేదాకా ఏమీ కాలేదు. పొలాల్లో కోతలు కోసేవాళ్లు నడుము ఎత్తి చూసేవాళ్లు. ఎవరు చూసినా నేను పైట సరిచేసుకుని, నా చేతి గాజులు కనబడేట్టు తలుపు మీద చెయ్యి పెట్టేదాన్ని. మూసీ దగ్గరికి వచ్చాం. నీళ్లు మోకాళ్ల లోతే ఉన్నాయి. సగం దాటాక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

మా ఆయన దిగి, నీళ్లలో నడిచి, ఒడ్డున గొర్లు మేపుతున్నవాళ్లను కేకేశాడు. ముగ్గురు వచ్చారు. గొంగడి భుజాన వేసుకున్న ముసలాయన, ఇద్దరు పడుచువాళ్లు.

"కిరాయి బండి మామా. ఇసుకల దిగవడ్డది. జర చెయ్యేస్తరా?"

ముసలాయన చెప్పులు చంకలో పెట్టుకుని నీళ్లలోకి దిగాడు. కారు చుట్టూ నీళ్లలో ఒక చుట్టు తిరిగి ముందుకు వచ్చి, వంగి, ముక్కు కింద దేన్నో పట్టుకున్నాడు.

"దీన్ని నేనెరుగుదు," అన్నాడు.

"నీలం కారు గీ తొవ్వల ఎన్నడు రాలేదు మామా."

"రంగు సంగతి గాదు. గీ కడెం సంగతి. గీ రెండు కడాలకు మోకులు గట్టి, ఎడ్లు దొరకనాడు మమ్ముల్ని గట్టి గుంజిపిచ్చిన కారు గిది. దొర కాళ్లు తడువకుండ లోపల కూసునేది. నా బుజం జూడు, కాయ గాసింది. ఎవలకు జెప్తున్నవ్ కతలు?"

ఆ రెండు ఇనుప కడియాలూ దొర వాగులు దాటడానికి ఊరి కమ్మరితో బిగించుకున్నవి. లోకంలో ఇంకే కారుకూ ఉండవు. వాగుల్లో పనికొస్తాయని మా ఆయన ఉంచాడు. వాటిని తుప్పు పోయేదాకా రుద్ది, చక్కగా నీలం రంగు వేసింది నేనే.

పడుచువాళ్లలో ఒకడు వంగి నీళ్లలో చెయ్యి పెట్టాడు. రాయి కోసమో, కాలికి చుట్టుకున్న నాచు కోసమో నాకు తెలియలేదు.

"ఎనక మూత దెరువు," అన్నాడు ముసలాయన. మా ఆయన తెరిచాడు. స్టెప్నీ, పానాలు, మా సద్దిమూట. దొర లేడు.

"నువ్వాయనకు ఏమైతవ్?"

"ఏంగాను. కోదాడ లారీలల్ల పనిచేసెటోన్ని. ఆయన మొకం గూడ సూడలే, గుమాస్త దగ్గర కొన్న."

ముసలాయన నా వైపు తిరిగాడు. "మరి గీ బిడ్డ ఎందుకు దిగలే?"

అప్పుడు చూసుకున్నాను. అందరూ నీళ్లలో ఉన్నారు. నేనొక్కదాన్నే పాదాలు తడవకుండా మెత్తటి సీటు మీద కూర్చున్నాను. రాళ్లు పడకుండా అడ్డం ఉంటానని కదా కూర్చున్నది. తలుపు తీసి దిగాను. ఇసుక కాళ్ల కింద జారి, నడుము దాకా తడిశాను.

"నేను గూడ తోస్త తాతా."

"తోయి. నేనెక్కుత."

ఎక్కబోతూ చంకలోని చెప్పుల వైపు చూసుకుని, వాటిని కాళ్లకు తొడుక్కుని మరీ ఎక్కాడు.

"గీ చక్రాన్ని ఎటు తిప్పాలె?"

"ఎటు తిప్పొద్దు మామా, సక్కగ వట్టుకో," అన్నాడు మా ఆయన.

"తిప్పొద్దంటే ఇదెందుకు మరి?"

పడుచువాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నలుగురం తోశాం. కారు కదిలి, ఆగి, మళ్లీ కదిలి ఒడ్డెక్కింది.

"దొరవైతివి మామా, దిగు ఇగ," అన్నాడొకడు.

ముసలాయన దిగలేదు. సీటు మీద అరచేత్తో నొక్కి చూశాడు. "మెత్తగున్నదిరా. ఇంత మెత్తగుంటదని నాకెరుకలేకుండె." కాసేపు అట్లాగే కూర్చుని దిగాడు. "కడాలు తియ్యి," అన్నాడు.

మా ఆయన పానా అందుకుని నేల మీద పడుకున్నాడు. బోల్టులు బిగుసుకుపోయాయి. నేను గ్రీజు డబ్బా పట్టుకుని పక్కనే కూర్చున్నాను. పానా జారి జారి పోయింది. వాళ్లు గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నారు. రెండోది ఊడేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ముసలాయన రెండింటినీ గొంగడిలో చుట్టుకున్నాడు.

"మళ్ల దిగవడితే ఎట్ల మామా?" మా ఆయన అడిగాడు.

"పిలువు. పిలిస్తే వస్తం."

మిర్యాలగూడలో ఆలస్యమైందని పెళ్లివాళ్లు తిట్టారు. ఒక్క మాటా నా చెవికెక్కలేదు. మళ్లీ ఆ మూసీనే దాటాలి.

పిల్లను ఆ సాయంత్రమే అత్తవారింట్లో దింపి, మర్నాడు పొద్దున్నే తిరిగి వచ్చాం. మా ఆయన నీళ్లకు దూరంగానే బండి ఆపాడు. చెయ్యి హారన్ మీదికి పోయి వెనక్కి వచ్చింది. దిగి, గట్టు వెంట నడిచి పోయాడు పిలవడానికి. నేను కారులో ఉండలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్ల అంచున నిలబడ్డాను. చాలాసేపటికి నలుగురితో వచ్చాడు. నిన్నటి ముసలాయన లేడు. నలుగురూ కొత్తవాళ్లు, ఒక్కరి ముఖమూ నేను ఎరగను.

వాళ్లలో పెద్దవాడు నేరుగా కారు ముందుకు పోయి వంగాడు. కడియాలున్న చోట రెండు బెజ్జాలున్నాయి. రెండింట్లోనూ వేలు పెట్టి చూశాడు.

"లేవు. రాండ్రి, తోద్దం," అన్నాడు మిగతావాళ్లతో.