ఏడంగుళాల గడప

ఊళ్ళో అందరూ మా బావని కొలబద్ద అనేవారు. మనిషి సన్నగా, నిటారుగా ఉండటం ఒక కారణం. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు చేతికి వచ్చేలోపే గుమ్మం వెడల్పు కళ్ళతోనే కొలిచేయడం ఇంకో కారణం. వృత్తి వడ్రంగం. ఊళ్ళోని సేవా క్లబ్బులో పంతొమ్మిదేళ్ళుగా సభ్యుడు. వకీళ్ళు, డాక్టర్లు, షాపుల యజమానులు నిండిన ఆ క్లబ్బులో చేతులు కాయలు కాసిన సభ్యుడు ఆయన ఒక్కడే. ఆయన పక్కన పదేళ్ళు రంపం పట్టాను కాబట్టి ఇదంతా నా కళ్ళతో చూసిందే.

క్లబ్బుకు యువజన విభాగం ఒకటుండేది. పట్టికలో ఇరవైమంది, పనికి వచ్చేది ఆరుగురు. ఆ ఆరుగురినీ కూడగట్టింది జిరాక్స్ షాపులో పనిచేసే ఒక అమ్మాయి. వాళ్ళ నాయనమ్మ చక్రాల కుర్చీలో ఉండేది. ఆవిడను గడప దాటించాలంటే ఇద్దరు మగవాళ్ళు కుర్చీతో సహా ఎత్తాలి. అందుకని ఆవిడ బయటికి రావడమే మానేసింది. ఇలా ఇంకెంతమంది ఉన్నారోనని ఆ అమ్మాయి సెలవు రోజుల్లో వీధులు పట్టుకు తిరిగింది. నలభై ఒక్క ఇళ్ళు తేలాయి. గడప ఎత్తు, గుమ్మం వెడల్పు, లోపల ఎవరున్నారు, బయటికొచ్చి ఎన్నాళ్ళయింది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుని మా పనిశాలకు వచ్చింది.

"బాబాయ్, చక్రాల కుర్చీ ఎక్కి దిగేలా వీటికి వాలుబల్లలు చెయ్యగలరా?"

బావ పుస్తకమంతా తిరగేశాడు. మర్నాడే టేపు తీసుకుని ఆమెతో బయల్దేరాడు. కొలతలన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. మూడో వీధి చివరింటి గడప పదకొండంగుళాలని రాసింది.

"కాలవలోంచి కొలిచావమ్మా. బల్ల రోడ్డు మీద ఆనుతుంది. ఏడంగుళాలే."

ఆమె పదకొండు కొట్టేసి ఏడు వేసుకుంది. అప్పటికే జాబితా నకలు క్లబ్బు కార్యదర్శికి వెళ్ళిపోయింది.

ఏడాదిలో ఇరవైమూడు బల్లలు బిగించాం. ఆమె బృందం చెక్క మోసింది, గరుకు కాగితంతో రుద్దింది, రంగు వేసింది. క్లబ్బు పెద్దలు ఫోటో వేళకు కండువాలతో దిగేవారు. ఒకచోట బల్లకంటే బ్యానరే పెద్దదై, ఇంట్లోని ముసలాయన బయటికి రావడానికి దాన్ని పక్కకు జరపమని డాక్టరుగారిని అడగాల్సి వచ్చింది. బావ నవ్వి ఊరుకున్నాడు. "పని జరుగుతోంది కదరా" అనేవాడు.

ఆ సంవత్సరం క్లబ్బు తరఫున ఒక యువ నాయకుణ్ణి పదిరోజుల శిక్షణ శిబిరానికి పంపాలి. వారం వారం జరిగే సమావేశానికి ఆ రోజు బావ వెంట నేనూ వెళ్ళాను. కార్యదర్శి లేచి ఎంపిక ప్రకటించాడు. ఎంపికైంది ఆయన కొడుకే. దరఖాస్తు కాపీలు అందరికీ పంచారు. "నలభై ఒక్క ఇళ్ళను స్వయంగా సందర్శించి, కొలతలు తీసి..." అని ఉంది. చప్పట్లు మొదలయ్యాయి. బావ వేలు కాగితం మీద కిందికి జరిగి ఒకచోట ఆగింది. మూడో వీధి చివరిల్లు, పదకొండంగుళాలు.

బావ లేచి నిలబడ్డాడు.

"సెక్రటరీగారూ, ఈ ఇంటి గడప ఏడంగుళాలండీ. పదకొండని పొరపాటున రాసింది జిరాక్స్ షాపు అమ్మాయి. ఆ పొరపాటుతో సహా ఈ జాబితా మీవాడిదెలా అయింది?"

అధ్యక్షుడు అందుకుని, "పనిచేసింది క్లబ్బు. ఎవరి పేరుంటే ఏంటండీ? ఆ అమ్మాయికి సర్టిఫికెట్ ఇద్దాంలే" అన్నాడు.

"ఎవరి పేరున్నా ఒకటే అయితే ఆమె పేరే పెట్టండి" అన్నాడు బావ. అధ్యక్షుడు గంట కొట్టి సమావేశం ముగించాడు.

అక్కణ్ణుంచి నేరుగా జిరాక్స్ షాపుకు వెళ్ళాం. జరిగిందంతా బావ ఒక్క ఊపిరిలో చెప్పాడు. ఆమె యంత్రం ఆపి మా వైపు తిరిగింది.

"తెలుసు బాబాయ్. ఆ కాపీలు తీసింది నేనే. ముప్పై సెట్లు."

"చూసి కూడా ఊరుకున్నావా?"

"ఊరుకోలేదు. వచ్చే వారం మీటింగుకొచ్చి నేనే అడుగుదామనుకున్నా. ఏం మాట్లాడాలో రాసుకున్నా కూడా. వాళ్ళు నా పని తీసుకున్నారు. ఇప్పుడు నా బదులు మీరే మాట్లాడేసి వచ్చారు."

బావ ముఖం చిన్నబోయింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "తప్పే. ఒళ్ళు మండి ఆగలేకపోయాను. ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు.

"నన్ను లోపలికి తీసుకెళ్ళండి. తర్వాత కూర్చోండి."

మరుసటి వారం అలాగే చేశాడు. సభ్యులు కానివాళ్ళు మాట్లాడకూడదని అధ్యక్షుడు అంటే, "నా వంతు సమయం ఆమెకిస్తున్నా" అని కూర్చున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. కార్యదర్శి కొడుకును ఒక్కటే అడిగింది.

"మూడో వీధి చివరింట్లో ఎవరుంటారు?"

అతను తండ్రి వైపు చూశాడు. తర్వాత తల దించుకుని, "నాకు తెలీదండీ. నాన్న సంతకం పెట్టమంటే పెట్టాను" అన్నాడు. ఆ గదిలో ఆ రోజు సిగ్గుపడింది అతనొక్కడే.

అంతా విన్న పెద్దలు ఆమెను పంపారా? లేదు. వివాదం వచ్చింది కాబట్టి ఈసారి ఎవరినీ పంపొద్దని తీర్మానించారు. దొంగతనం బయటపడితే సొమ్ము సొంతదారుకివ్వాలి గానీ అందరి ముందూ గోదాట్లో కలపడమేమిటి? పైగా క్లబ్బు పరువు తీశాడని బావతో నలుగురు మాటలు మానేశారు. రాజీనామా చెయ్యమని మా అక్క కూడా పోరింది.

"నేను పోతే వాళ్ళకి హాయి. పోను" అన్నాడు బావ.

మిగిలిన పద్దెనిమిది బల్లలూ బ్యానరు లేకుండానే బిగించాం. ఏ ఇల్లు ముందో, ఏది తర్వాతో ఆమె చెప్పేది, మేం చేసేవాళ్ళం. మరుసటి ఏడాది ఆమె దరఖాస్తు తానే రాసుకుని, ప్రతిపాదకుడి సంతకం కోసం బావ దగ్గరికి వచ్చింది. ఈసారి అడ్డుచెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. శిబిరానికి వెళ్ళొచ్చింది. ఇప్పుడు బస్టాండులో, బ్యాంకులో మెట్ల సంగతి పట్టుకుని అధికారుల చుట్టూ తిరుగుతోంది.

మంచే జరిగింది కదా అని ఎవరైనా అంటే మాత్రం బావ చెక్క చిత్రిక పట్టడం ఆపుతాడు.

"ఆలస్యంగా జరిగింది. ఆ పిల్ల నష్టపోయిన ఏడాది ఎవరు తిరిగిస్తారు?" అంటాడు. నాకూ అదే కోపం ఇంకా తగ్గలేదు.