పీర్‌సాహెబ్ గీసిన వరద గీత

పీర్‌సాహెబ్‌కి గీత పిచ్చి. డెబ్బైల మొదట్లో వాగు పొంగి తిరువూరులో మా వీధిలోకి వచ్చింది. ఆనాటి నుంచి అతను ఎవరింటికి సున్నం వేసినా, నీళ్ళొచ్చిన ఎత్తున ఎర్రగీత గీయనిదే నిచ్చెన భుజానికెత్తుకునేవాడు కాదు.

"పెళ్ళివారొస్తున్నారయ్యా, గోడ పాడవుతుంది!"

"పెళ్ళివారు రేపు పోతారండి. వాగు ఎక్కడికి పోద్ది?"

గీత కింద ఏ వస్తువున్నా ఊరుకునేవాడు కాదు. "బియ్యం బస్తా ఇక్కడ పెట్టారేంటండీ? తడిసిపోదూ? అటకెక్కించండి!" అనేవాడు, నడి వేసవిలో.

వీధి చివర పల్లంలో ఉన్నవి మా ఇల్లూ, పిచ్చమ్మగారి ఇల్లూ. ఆ వరదలో ఆవిడ గేదె పోయింది. ఆవిడప్పుడు ఎ.కొండూరులో కూతురింట ఉంది. ఇంట్లో ఉన్నది చంటిబిడ్డతో కోడలు ప్రమీలారాణి ఒక్కతే. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ అత్తగారిది ఒకటే పాట: "మహా అయితే నడుంలోతు వచ్చుంటాయి. పలుపు విప్పడానికి చేతులు రాలేదా?" పాలు కొన్నప్పుడల్లా ఈ మాట పడలేక ఆ పిల్ల కాఫీ మానేసింది.

చివరికి పిచ్చమ్మగారు కొట్టానికి సున్నం వేయించి, "ఇక్కడా గీత గియ్యి పీర్‌సాహెబూ. ఎంత లోతొచ్చిందో ఇది కళ్ళారా చూడాలి" అంది.

పీర్‌సాహెబ్ ఆ పిల్ల ముఖం చూశాడు. నిచ్చెనెక్కి, తలకు జానెడు పైన గీశాడు.

పిచ్చమ్మగారు తలెత్తి చూసి నోరు తెరిచింది. "ఇన్ని నీళ్ళే! బిడ్డతో ఎట్టా బతికి బయటపడ్డావే తల్లీ!" అని కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ పూట ఇద్దరూ కాఫీ తాగారు.

చిక్కేమిటంటే, ఆ గోడకి ఇవతలివైపు మా గది. అందులో గీత నా నడుం దగ్గరుంది.

"ఒకే గోడకి ఇటు నడుంలోతు, అటు తలమునకలా?" అని నిలదీశాను.

"మీకు వచ్చినవి మీకు గీశానండి మాస్టారూ. చంకలో బిడ్డతో ఒంటరిగా ఉన్న పిల్లకి అన్ని వచ్చాయి."

ఆ మాటకి నా మనసు నిండిపోయింది.

"రేపు పిచ్చమ్మగారు మా ఇంటికి పేరంటానికొస్తుందయ్యా" అన్నాను మెల్లగా.

పీర్‌సాహెబ్ ఉలిక్కిపడి, కుంచె ముంచి, మా గదిలోని తన గీత మీద తనే సున్నం కొట్టాడు.

"మరి గుర్తు?"

"మీ నడుం ఉందిగా మాస్టారూ!"

అప్పటినుంచీ మా ఇంటికి వరద గుర్తు నా బొడ్డే. పిచ్చమ్మగారు ఎదురైతే మాత్రం చొక్కా కిందికి లాక్కునేవాణ్ణి.