మావయ్య కడుపులో నిద్రపోయిన దీపం

మావయ్య ఒంట్లోంచి రక్తం కారిపోతోంది. ఎక్కడినుంచో ఎవరికీ తెలియదు. పైనుంచి గొట్టం వేసి చూశారు, కిందినుంచీ చూశారు. రెండూ చేరలేని చిన్నపేగు మిగిలింది. రక్తం ఎక్కిస్తే కొన్నాళ్లు తేరుకుంటాడు, మళ్లీ పాలిపోతాడు. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రివాళ్లు పేగు ఫొటోల్లో రక్తం జాడల్ని కంప్యూటర్ తనంతట తాను పట్టగలదా అని పరిశోధన చేస్తూ, మావయ్యని కూడా అందులో చేర్చుకున్నారు. తోడుకి ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు కావాలన్నారట. అత్తయ్య ఫోన్ చేసేసరికి నేను వైజాగ్‌లో ఉద్యోగం మానేసి గోడలు చూస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రమే టాటానగర్ రైలెక్కాను.

ఉదయం స్టేషన్ బయట సాక్చీ వైపు షేర్ ఆటో దొరికింది, ఇరవై రూపాయలు. అక్కణ్ణుంచి భాలుబాసాలో మావయ్య ఇంటికి నడిచాను. ఆయన పరగడుపున గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పెదాలకీ చొక్కాకీ రంగు ఒకటే.

“వచ్చేవేటే? టీ తాగు. నాకొద్దన్నారు. నువ్వు తాగుతుంటే సూత్తాను.”

ఆసుపత్రిలో టెక్నీషియన్ ఒక మాత్ర చూపించింది. వేలి కొసంత ఉంది. లోపల కెమెరా, దీపం. డబ్బాలోని అయస్కాంతం దాన్ని నిద్రపుచ్చి ఉంచుతుందని, బయటకు తీస్తే లేస్తుందని హిందీలో చెప్పింది. తీసింది. మాత్ర ఆమె అరచేతిలో కన్ను కొట్టడం మొదలుపెట్టింది. మావయ్య నీళ్లతో మింగాడు. ఆ వెలుగు గొంతు దాటి వెళ్లిపోయింది. నడుముకి బెల్టు, దానికి చిన్న పెట్టె కట్టారు. లోపల ఫొటో పడ్డప్పుడల్లా దానిమీద పచ్చదీపం మెరుస్తుంది. “నడవచ్చు. ఎంఆర్ఐ గది వైపు మాత్రం వెళ్లొద్దు. నాలుగింటికి రండి,” అందామె.

మావయ్య ఇంటివైపు కాక ఆటోలవైపు నడిచాడు.

“గమ్హరియా ఎల్లాలి. హాజిరీ పడకపోతే ఠేకేదారు, అదే కంట్రాక్టరు, ఇంకొకడ్ని ఎట్టేత్తాడు.”

“కడుపులో కెమెరా పెట్టుకుని డ్యూటీకా మావయ్యా?”

“అదేటి, సెలవడుగుతాదా?”

ఆదిత్యపూర్ వంతెన దాటుతుండగా ఆటోవాలా అద్దంలోంచి చొక్కా కింద మెరుపు చూశాడు. “చాచా, బమ్ హై క్యా?” బాంబేమోనని భయం.

“పేట్ కా సినిమా బన్ రహా హై,” అన్నాడు మావయ్య, తన కడుపుమీద సినిమా తీస్తున్నారని చాలా గర్వంగా.

మావయ్య పని చేసేది గమ్హరియాలో ఒక చిన్న తుక్కు ఇనుము యార్డులో. అక్కడ క్రేన్‌కి పెద్ద అయస్కాంతపు బిళ్ల వేలాడుతుంది. దాని కిందికి వెళ్లేముందు అందరూ గేటు దగ్గర రేకు పళ్లెంలో జేబులు దులుపుకోవాలి. వాచ్‌మన్ మా శ్రీకాకుళం మనిషే. “బావా, ఇనుమేటైనా ఉందా?” మావయ్య తాళంచెవులు, ఖైనీ పొగాకు డబ్బా, ఆఖరికి మొలతాడుకున్న పిన్నీసు కూడా తీసి వేశాడు. బెల్టు పెట్టె ప్లాస్టిక్కేనని తట్టి చూపించాడు.

“ఏటీ నేదు. ఒంటిమీద సూదైనా నేదు.”

ముగ్గురం నవ్వుకున్నాం. ఒంటిమీద నిజంగానే లేదు.

ఎదురుగా టీకొట్టు బల్లమీద కూర్చున్నాను. బిళ్ల మెల్లగా దిగేది. నేలమీది ఇనుప ముక్కలు అది తాకకముందే ఒకసారి కదిలేవి, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పినట్టు. అది తన పక్కనుంచి వెళ్లినప్పుడల్లా మావయ్య చెయ్యి కడుపుమీదికి పోయేది. చాలాసేపటికి కుళాయి దగ్గరికి వచ్చి మొహం కడుక్కుంటుంటే చొక్కా పైకి లేచింది. పచ్చదీపం లేదు.

“మావయ్యా, ఆరిపోయింది!”

“బేటరీ అయిపోయుంటాది.” తర్వాత గొంతు తగ్గించాడు. “లోన ఎవులో ఉన్నట్టుందే.”

చెయ్యి పట్టుకుని రోడ్డుమీదికి లాక్కొచ్చాను. ఆటో కోసం నిలబడ్డాం. దీపం తనంతట తానే వెలిగింది, ఏమీ జరగనట్టు.

నాలుగింటికి డాక్టరమ్మ గదిలో కర్టెన్లు వేసి తెర ముందు నన్ను కూర్చోబెట్టింది. ఎర్రటి తడి సొరంగం. గోడలు దగ్గరికి వచ్చి, దారిచ్చి, మళ్లీ మూసుకుంటున్నాయి. మావయ్య కూర్చోలేదు. ముందు ఫొటోలన్నీ శుభ్రం. హఠాత్తుగా తెర అంచున గడియారం గంటకు పైగా ముందుకు దూకింది. తర్వాతి ఫొటో నిండా నల్లటి రక్తం.

“మధ్యలో ఎక్కడికెళ్లారు?”

మావయ్య చెప్పాడు. అయస్కాంతానికి దీపం మళ్లీ నిద్రపోయి ఉంటుందంది ఆమె. నిద్రలోనే ముందుకు నడిచింది. లేని ఫొటోలమీద కంప్యూటర్ చెప్పేదేమీ లేదు. డాక్టరమ్మ ఆ రెండు ఫొటోలనే వెనక్కీ ముందుకీ తిప్పింది. శుభ్రం, రక్తం. శుభ్రం, రక్తం.

“ఈ రెంటి మధ్యే ఉంది. రేపు చిన్నపేగుదాకా చేరే పొడవాటి గొట్టంతో అక్కడికే వెళ్దాం.”

“అయితే నాను డ్యూటీకెల్లడం మంచిదే అయింది గదా?”

ఆమె నవ్వలేదు. “మేలుకుని ఉంటే అదేంటో కూడా చూసేది.”

ఇది మర్నాడు గొట్టం గది బయట కూర్చుని రాస్తున్నాను. నిన్నటినుంచి నా కళ్లముందు ఒకటే: వెతుకుతూ వచ్చిన దీపం సరిగ్గా ఆ రక్తం కారే చోటు పక్కనుంచి కళ్లు మూసుకుని వెళ్లిపోవడం. జబ్బుతోపాటు మనం చేసే పని కూడా ఒంట్లోకి వస్తుందని గేటు దగ్గర నవ్వుకున్న మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. మీరూ ఇలాంటి పరీక్షకు ఎవరినైనా తీసుకెళ్తే, రోగం గురించి చెప్పినంత వివరంగా వాళ్లు చేసే పని గురించీ, చుట్టూ ఉండే యంత్రాల గురించీ చెప్పండి. ఇందాక తలుపు దగ్గర నర్సు ట్రే చాపితే మావయ్య అలవాటుగా తాళాలు, ఖైనీ డబ్బా వేసి, ఖాళీ చెయ్యి కడుపుమీద పెట్టుకున్నాడు.

“ఇంకోటుందమ్మా,” అన్నాడు. “లోపలిదింకా బయటికి రానేదు.”