నేను పంపని వాయిస్ మెసేజ్

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రసూతి వార్డులో నైట్ డ్యూటీలు చేశాను. శవాల గది గోడకు ఆనుకుని నిలబడి టీ కూడా తాగాను. నన్ను వణికించేది ఒక్కటే, మా సూపర్‌వైజర్ మేడం దగ్గర్నుంచి వచ్చే ఫోను. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే ఊపిరాడేలా లేదు కాబట్టే.

మాది తెనాలి వైపు. మా ఆయనకు జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. నేను ఝరాసంగం దగ్గరి ఊళ్లలో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. గర్భిణులను చూసుకోవడం, పిల్లలకు టీకాలు వేయడం నా పని. నా "అండీ"లు ఇంకా పోలేదని ఊళ్లో ఆడవాళ్లు నన్ను ఆటపట్టిస్తుంటారు.

మా గర్భిణులందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. చదువు రానివాళ్లు వాయిస్ పెడతారు, సిగ్గుపడేవాళ్లు ఫొటో పెట్టి ఊరుకుంటారు. సూపర్‌వైజర్ మేడం కూడా ఆ గ్రూపులోనే ఉంటారు. ఏ మెసేజ్‌కైనా జవాబు లేకపోతే వెంటనే ఫోన్ చేసి చీవాట్లు పెడతారు. అందుకని మేమంతా ఒక అలవాటు చేసుకున్నాం. ఏది వచ్చినా ముందు బొటనవేలు గుర్తు పెట్టేస్తాం. మా లెక్కలో దానర్థం "మెసేజ్ అందింది" అని. ఊళ్లో వాళ్లు దాన్ని "అంతా బాగానే ఉంది, భయం లేదు" అని అనుకుంటున్నారని నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు.

ఆ రోజు టీకాల రోజు. సెంటర్ నిండా పిల్లల ఏడుపులు. ఒక చేత్తో సూది, ఇంకో చేతిలో ఫోను. గ్రూపులో వచ్చినవాటికల్లా వరసగా బొటనవేళ్లు పెట్టుకుంటూ పోయాను. అందులో అనిత పంపిన ఫొటో ఒకటి. అనితకు ఎనిమిదో నెల, తొలి కాన్పు. ఆ ఫొటో మసగ్గా, డౌన్‌లోడ్ గుర్తుతో అలాగే ఉంది. నేను తెరవలేదు.

కాసేపటికి టీకాల డబ్బా ఎత్తబోతుంటే ఫోను జారి గచ్చు మీద పడింది. స్క్రీన్ నల్లబడిపోయింది. మధ్యాహ్నం జహీరాబాద్‌లో మీటింగ్ ఉంటే, పోతూ పోతూ బజార్లో మొబైల్ షాపులో ఇచ్చాను. షాపతను నా కళ్ల ముందే వెనక మూత తీసి బ్యాటరీ బయట పెట్టాడు. మీటింగ్ అయ్యేదాకా నేను మా సిబ్బంది అందరి మధ్యలో కూర్చునే ఉన్నాను.

సాయంత్రం ఫోను తీసుకుని ఆన్ చేస్తే గ్రూపు నిండా నాకు దండాలు. అనిత భర్త మల్లేశం దగ్గర్నుంచి బోలెడు మిస్డ్ కాల్స్. అతను ఆటో నడుపుతాడు. ఫోన్ చేస్తే "మేడం, దవాఖానల ఉన్నం, జర రాన్రి" అన్నాడు.

వెళ్లాను. అనిత మంచం మీద ఉంది. మొహం, కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. బీపీ బాగా పెరిగిపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని, తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవాళ్లు కారని డాక్టరమ్మ చెప్పింది. మల్లేశం వాళ్లమ్మ అంజమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

"నువ్వు బొటనవేలు పెట్టినవని ఫికర్ లేదనుకున్నం సిస్టరమ్మా. నొప్పితోని తల పలుగుతున్నదని పిల్ల అంటనే ఉన్నది. నేనే రొట్టెలు చెయ్యమన్న. గంతల నీ మాటొచ్చింది."

ఏ మాట అని అడిగాను. మల్లేశం అనిత ఫోను తీసి వినిపించాడు. నా నంబరు, నా ఫొటో, నా గొంతు. వచ్చింది మాత్రం నేను మీటింగ్‌లో ఉన్న వేళకి.

"అనితా, నేనమ్మా. నువ్వు పంపిన ఫొటో తెరిచి చూడకుండానే బొటనవేలు పెట్టాను. తప్పు నాదే. ఇప్పుడే హాస్పిటల్‌కి బయల్దేరు తల్లీ, రేపటిదాకా ఆగొద్దు."

వరండాలోకి వచ్చి నా ఫోను వెతికాను. అనితకు అలాంటి మెసేజ్ వెళ్లినట్టే లేదు. గ్రూపులో ఆ ఫొటో ఇంకా మసగ్గానే ఉంది. అప్పుడు తెరిచాను. గచ్చు మీద రెండు పాదాలు, ఉబ్బిన చర్మంలోకి దిగబడిపోయిన పట్టీలు. ఒక్కసారి చూస్తే చాలు, ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆ మాట నాది కాదని అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు.

తర్వాతి మీటింగ్‌లో సూపర్‌వైజర్ మేడం మల్లేశం దగ్గర తెప్పించుకున్న ఆ వాయిస్‌ను అందరికీ వినిపించారు. "తప్పు ఒప్పుకోవాలంటే గుండె ఉండాలె. ఈమెను చూసి నేర్చుకోండి" అన్నారు. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఎంత అణకువో అనుకున్నారు అందరూ. ఆ శాలువాను ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక బీరువా అడుగున తోసేశాను.

మా ఆయనకు మాత్రం చెప్పాను. "ఇప్పుడు ఎవరి గొంతునైనా కంప్యూటర్‌తో తయారు చేస్తున్నారు, ఎవడో ఆకతాయి పని" అని తేల్చేశాడు. సరే, గొంతు తయారు చేశారనే అనుకుందాం. నేను ఆ ఫొటో తెరవలేదన్న సంగతి వాడికెలా తెలిసింది? అది నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నేనెవరికీ చెప్పలేదు.

అనితకు ఆడపిల్ల పుట్టింది. బరువు తక్కువైనా గట్టి పిల్ల. టీకా వేయడానికి వెళ్లినప్పుడు ఇక ఉండబట్టలేక చెప్పేశాను, ఆ మెసేజ్ నేను పెట్టలేదమ్మా అని.

అనిత నవ్వింది. "గట్లనకున్రి మేడం. మాసొంటోళ్లకు తప్పయిందని ఎవలన్న చెప్తరా? దవాఖానల గాని, ఆఫీసుల గాని, ఇన్నేండ్లల ఒక్కరు చెప్పలే. మీరొక్కరే చెప్పిన్రు."

పాపను ఒళ్లోకి తీసుకుని, టీకా వేసి, వచ్చేశాను.

ఇప్పుడు ఏ ఫొటో వచ్చినా తెరిచి చూస్తున్నాను, ఫోన్ చేసి అడుగుతున్నాను. దానికీ నన్నే మెచ్చుకుంటున్నారు. ఆ మెసేజ్ ఎవరు పంపారో, ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ మధ్యాహ్నం ఫోను బాగానే ఉండి నా చేతిలోనే ఉన్నా, నేను ఆ మాట చెప్పి ఉండేదాన్ని కాదు. అది మాత్రం నాకు బాగా తెలుసు.