తువ్వాల కింద చెప్పిన ధర

వనపర్తిలో నాకో మ్యాచింగ్ సెంటర్ ఉంది. జాకెట్ ముక్కలు, ఫాల్స్, లంగాలు అమ్ముతాను. ఎవరైనా గద్వాల చీర తెచ్చి కౌంటరు మీద పరిస్తే, దానికి సరిపోయే గుడ్డను వంద తాన్ల మధ్యలోంచి ఒక్క చూపుతో లాగుతానని నాకు కొంచెం పొగరు. ఆ పొగరు దించడానికే దేవుడు స్మార్ట్‌ఫోన్‌ను పుట్టించాడు. గుడ్డ కోసి చేతిలో పెట్టాక ఒకావిడ తీరిగ్గా ఫోన్ తీసి, "అక్కా, ఇందుల నలభై తక్కువున్నది" అంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. "ఫోన్ల ఉన్నదాన్ని ఫోన్లనే కొనుక్కో చెల్లె, నా దుకాణంల ఇదే ధర" అంటాను. రోజుకు రెండుసార్లయినా ఈ మాట అనకుండా షట్టర్ దించను.

ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కున్నాక నేను చేసే మొదటి పని మాత్రం ఫోన్ తీసి ధరలు పోల్చడం. అది నాకున్న జబ్బు. మిక్సీ కొనడానికి నాలుగు నెలలు పోల్చాను. ఈలోగా పాత మిక్సీ దానంతటదే బాగైంది.

మా నాయిన పెబ్బేరు సంతలో ఎడ్ల దలాలి. డెబ్బై దాటినా మానలేదు. ఆ బేరం తెలియనివాళ్ల కోసం చెబుతాను. అక్కడ ధర నోటితో చెప్పరు. కొనేవాడి చెయ్యి, దలాలి చెయ్యి ఒక తువ్వాల కింద కలుస్తాయి. ముందు పదివేలు, తర్వాత వేలు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అన్ని. ముందు మూడు, తర్వాత రెండు పట్టుకుంటే ముప్పై రెండు వేలన్నమాట. చుట్టూ నిలబడ్డవాళ్లకు తువ్వాల కదలడం తప్ప ఏమీ తెలియదు. తువ్వాల కింద ఒకసారి అబద్ధం చెప్పిన దలాలి చెయ్యిని మళ్లీ ఎవరూ పట్టుకోరని నాయిన అనేవాడు. చిన్నప్పుడు నేనూ చెయ్యి పెడతానని ఏడిస్తే, "ఆడపిల్లవు, నీకెందుకు బిడ్డా ఎడ్ల బేరం" అని నవ్వి తువ్వాల భుజం మీద వేసుకునేవాడు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

సంత అయిపోయాక బస్సెక్కి నా దుకాణానికి వచ్చి చాయ్ తాగి పోవడం ఆయనకు అలవాటు. ఒకరోజు రద్దీలో, "నాయినా, నీ పక్కన ఉన్న పచ్చ తాను జర ఇటియ్యి" అన్నాను. ఆయన రెండు మూడు తాన్లు తడిమి ఎర్రది అందించాడు. ఇది పచ్చ కాదు అంటే, "రంగుదేముంది, ఇది అసలు నూలు, వేలుకు తెలుస్తున్నది" అన్నాడు. ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన ఎడమ కన్ను పడుచుతనంలోనే కోడె కొమ్ము తగిలి పోయింది. మిగిలింది కుడిదే.

దగ్గరికి పోయి చూస్తే ఆ కంట్లో బూడిద రంగు పొర.

"ఎన్ని రోజులాయె నాయినా?"

"ఏడాది దాటింది."

"మరి సంతల ఎట్ల చేస్తున్నవు?"

"తువ్వాల కింద కండ్లతోని ఏం పని?" అన్నాడు, చాలా తెలివైన మాట చెప్పినట్టు.

శుక్లం తీయించాలి. ఉన్నది ఒక్క కన్ను, దాన్ని ఎవరి చేతిలో పెట్టాలన్నది నా పరేషాన్. ఉచిత శిబిరం మాట ఎత్తితే, "బేరం లేకుండ ఇచ్చేదాన్ని నేను నమ్మ" అన్నాడు. డబ్బు పెడదామంటే, "పదివేలు దాటితే నాకొద్దు. ఇంకెన్ని రోజులు చూస్త నేను" అన్నాడు. ఇక మిగిలింది నా ఫోన్.

దవాఖానల ధరలు పోల్చి చూపే యాప్ ఒకటి ఉందని తెలిసిన రోజు నాకు నిధి దొరికినంత సంబరమైంది. ఆపరేషన్ పేరు, ఊరు కొడితే చాలు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దవాఖానలు ధరలతో సహా వరుసకట్టాయి. గద్వాలలో ఒకటి అన్నిటికంటే తక్కువ. నాగర్‌కర్నూలుది అన్నిటికంటే ఎక్కువ. కంటి లోపల వేసే అద్దం మనదేశానిదైతే ఒక ధర, బయటి దేశానిదైతే ఒక ధర. "ఈ తగ్గింపు ఈరోజే" అని రోజూ వస్తుంది. జనం రాసిన అభిప్రాయాలన్నీ చదివాను. ఒకాయన ఐదు స్టార్లు వేసి, బండి పెట్టుకోవడానికి చోటు బాగుందని రాశాడు. కన్ను సంగతి రాయలేదు. నేను పుస్తకంలో గీతలు గీసి గళ్లు నింపాను. రాత్రి ఒక దవాఖాన గెలిచేది, పొద్దున ఇంకోటి గెలిచేది. మూడు వారాలు గడిచాయి.

నాలుగో వారం నాయిన నా దుకాణం మెట్టు కనబడక బోర్లా పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది. పసుపు అద్దుతుంటే, "ధరలు దిగినయా బిడ్డా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మర్నాడే గద్వాల బస్సెక్కాం.

డాక్టరును చూసే ముందు నాయిన చేసిన పని ఇది. వరండాలో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నవాళ్ల మధ్యకు పోయి కూర్చున్నాడు. "ఎద్దు సంగతి అమ్మేటోన్ని అడగొద్దు. పోయిన ఏడు ఆయన దగ్గర కొన్నోన్ని అడగాలె" అని నాకు చెప్పి, ఒక్కొక్కరి ముందూ చెయ్యి చాపి, "ఎన్ని వేళ్లు?" అనడం మొదలుపెట్టాడు. ఒక పెద్దమనిషి నాలుగు అన్నాడు. అన్నది సరిగానే ఉన్నా, నాయినకే తాను చాపినవి ఎన్నో గుర్తులేక నన్ను అడిగాడు. ఆపరేషన్ చేసే డాక్టరు వారానికి ఒకరోజు ఎక్కడి నుంచో వస్తాడని, తర్వాత చూసేది వేరే ఆయనని అక్కడివాళ్లు చెప్పారు. "మనకున్నది ఒకటే కన్ను. పోదాం పా" అని నాయిన లేచాడు. నా పుస్తకంలో ఆ విషయానికి గడే లేదు.

రెండ్రోజులకు నాగర్‌కర్నూలు పోయాం. అక్కడి వరండాలో ఒక ముసలామె, వారం కింద ఆపరేషన్ అయినామె, నల్లద్దాలు నుదుటికి జరుపుకుని నాయిన భుజం వైపు చూసింది. "అన్నా, నీ తువ్వాలకు పోగు లేసింది" అంటూ వంగి, ఆ దారాన్ని పుటుక్కున తెంపింది. నాయిన ఆమెను వేళ్లు లెక్కపెట్టమని కూడా అడగలేదు. "ఈడనే" అన్నాడు.

కౌంటరులో ఉన్న అమ్మాయి కాగితం మీద రాసి చూపిన ధర, నా ఫోన్‌లో ఉన్న ధర ఒకటి కాదు. పరీక్షలు వేరట, అద్దం వేరట, చుక్కల మందు వేరట. నాకు కోపం నసాళానికి అంటింది. ఫోన్ ఆమె మొహం ముందు ఆడిస్తూ, "ఇదేంది మరి, ఇందుల గిట్ల లేదే?" అన్నాను. ఆ పిల్ల చాలా మర్యాదగా, "ఫోన్ల ఉన్నదాన్ని ఫోన్లనే చేయించుకోండి అక్కా" అంది. నా మాటే, నా గొంతుతోనే విన్నట్టయింది. నేను మేనేజరు కోసం అటు తిరిగాను.

ఇటు తిరిగేసరికి నాయిన తన తువ్వాలను ఆ అమ్మాయి చేతి మీద కప్పేశాడు. "అయ్యో తాతా, చక్కిలిగిలి పెడుతున్నవేంది!" అని ఆమె అదిరిపడింది. "చెయ్యి తియ్యకు బిడ్డా, చెప్త" అని ఆయన ఏదో నేర్పుతున్నాడు. వెనక వరసలో అందరూ నవ్వుతున్నారు. తువ్వాల కాసేపు కదిలింది. తర్వాత నాయిన దాన్ని తీసి దులిపి భుజం మీద వేసుకుని, "అయింది. ఒక చుక్కల సీస ఊరికెనే ఇస్తదట" అన్నాడు. సంతలో జోడెడ్ల బేరం కుదిర్చినప్పుడు కూడా ఆయన మొహం అంత వెలగలేదు. ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, డబ్బు కట్టి వచ్చి, "పదివేలు నాయినా, సరిగ్గ నువ్వన్నంతే" అన్నాను. "మంచిది" అన్నాడు.

ఆపరేషన్ జరిగిన అరగంటా ఆ తువ్వాల నా చేతుల్లోనే ఉంది. నాకు భయమేసింది. ఇంకేం పోల్చబుద్ధి కాలేదు.

మర్నాడు పట్టీ విప్పారు. నాయిన తలుపు చూశాడు, కిటికీ చూశాడు, నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "మ్యాచింగ్ దుకాణం పెట్టినవు గాని, నీ జాకెట్ చీరకు కలుస్తలేదు" అన్నాడు. డాక్టరమ్మ ముందే ఏడ్చేశాను. ఏడుస్తూనే, ఇది కలవకపోవడం ఇప్పటి ఫ్యాషన్ అని చెప్పాను.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు నన్ను పక్కన కూర్చోమన్నాడు. తువ్వాల తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. నలభై ఏళ్లుగా నేను అడిగిన చోటు అది. లోపల ఆయన వేళ్లు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

"ముందు పదివేలు, తర్వాత వేలు. ఇప్పుడు చెప్పు. ఎంతయింది?"

నోటితో అయితే మళ్లీ పదివేలే అనేదాన్ని. తువ్వాల కింద ఆ పని చేయలేకపోయాను. ఆయన వేళ్లు రెండు పట్టుకున్నాను. వదిలి, మళ్లీ నాలుగు పట్టుకున్నాను. తిట్లు పడతాయని తల వంచుకుని కూర్చున్నాను.

"సరిగ్గ చెప్పినవు. ఆ కౌంటర్ పిల్ల గూడ గింతే చెప్పింది" అన్నాడు.

"అంటే, నీకప్పుడే తెలుసా? మరి వద్దని ఎందుకనలే?"

"వద్దంటే నువ్వు ఇంకో నెల ఫోన్ చూస్తవని."

తువ్వాల తీస్తాడేమో అనుకున్నాను. చాలాసేపు తీయలేదు.